ఆపరేషన్‌లో మిగిలిన మత్తు మందు ఏమవుతుంది? ఆ ఖర్చు ఎవరిది?

దర్శిలో చేసినా, ఒంగోలుకు రిఫర్ చేసినా సిజేరియన్‌కు ఎక్కువగా నడుముకే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. అందుకు వాడే బుపివకైన్ మన దగ్గర సాధారణంగా 4 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో వస్తుంది. తల్లికి కావాల్సింది సుమారు 2 మిల్లీలీటర్లే. మిగతా సగం పారేయాల్సిందే.

మరొకరికి వాడొచ్చు కదా?

వాడకూడదు. తెరిచిన మందులోకి క్రిములు చేరే ప్రమాదం ఉంది. పూర్తి మత్తుకు ఇచ్చే, పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్‌తో ముప్పు ఇంకా ఎక్కువ. అందులోని సోయా నూనె వంటి కొవ్వుల్లో క్రిములు వేగంగా పెరుగుతాయి. అమెరికాలోని లాస్‌వేగాస్‌లో ఒక క్లినిక్ ఒకరికి వాడాల్సిన సీసాలోని మందును పలువురికి ఇవ్వడంతో హెపటైటిస్-సి సోకిన సంగతి 2008లో బయటపడింది. 40 వేల మందికి పైగా పరీక్షలు చేయించుకోవాలని అధికారులు చెప్పాల్సి వచ్చింది.

మరి వృథాను ఎక్కడ ఆపాలి?

సీసా తెరవక ముందే.

• సైజు: 50 కిలోల మనిషికి కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున 100 మిల్లీగ్రాముల ప్రొపొఫాల్ కావాలి. అంటే 10 మిల్లీలీటర్లు. 20 మిల్లీలీటర్ల సీసా తెరిస్తే సగం మిగులుతుంది. 10 మిల్లీలీటర్లది తెరిచి, అవసరమైతేనే రెండోది తీయొచ్చు.

• అత్యవసర మందులు: అట్రోపిన్ వంటివి ముందే సిరంజిల్లోకి ఎక్కించి పెడతారు. అవసరం రాకపోతే పారేస్తారు. కొన్నింటిని ఆంప్యూల్ తెరవకుండా చేతికి అందేలా ఉంచొచ్చు. ఏది సిద్ధంగా ఉండాలో మత్తు డాక్టరే నిర్ణయించాలి.

• గ్యాస్: ఆక్సిజన్ ప్రవాహాన్ని సురక్షితమైన మేరకు తగ్గిస్తే, దాంతోపాటు వెళ్లే మత్తు గ్యాస్ కూడా ఆదా అవుతుంది.

ఖర్చు ఎవరిది?

ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనేది ఏపీఎంఎస్‌ఐడీసీ. అక్కడ పోయేది ప్రజల డబ్బు. ప్రైవేటులో సగమే వాడినా మొత్తం సీసా ధర మీ బిల్లులో పడొచ్చు. వివరాలతో బిల్లు అడగడం రోగి హక్కు. ఏ సైజు, ఎన్ని సీసాలు వాడారో చూడండి.

మీరేం చేయాలి?

డాక్టర్ చెప్పిన టైం నుంచి ఏమీ తినకండి. తిని వెళ్తే ఆపరేషన్ వాయిదా పడుతుంది, మీ కోసం సిద్ధం చేసిన మందులూ వృథా అవుతాయి. మీరు వాడే మాత్రలు, అలర్జీలు, సరైన బరువు ముందే చెప్పండి. మిగిలిన మందు ఎందుకు పారేశారని మాత్రం గొడవపడకండి. అది మీ ప్రాణానికి కాపలా.