పాఠకుని కోసం వెలసిన సౌధం

పుస్తకాలుండే చోటికి మన భాషలో అనేక నామాలు ఉన్నాయి. పూర్వులు దానిని సరస్వతీ భాండాగారం అన్నారు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో తెలుగువారు భాషానిలయం అన్నారు; సారస్వత నికేతనం అన్నారు; గ్రంథాలయం అన్నారు. ఈ పేర్ల మధ్యనున్న భేదాన్ని పరిశీలిస్తే ఒక చరిత్ర బోధపడుతుంది. భాండాగారమంటే విలువైన వస్తువులను దాచే గది. దానికి తాళం ఉంటుంది, కాపలా ఉంటుంది. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే ఆ సంపద వారిది. నిలయం, నికేతనం, ఆలయం అనే మాటలకు ఇల్లు అని అర్థం. ఇల్లు మనుషులు వచ్చి కూర్చునే చోటు. పుస్తకాల కొట్టు పుస్తకాల ఇల్లు కావడానికి, ఆ ఇంటి తలుపులు అందరికీ తెరుచుకోవడానికి చాలా కాలం పట్టింది. ఈ మార్పు ఒక కట్టడంలో ఏ విధంగా రూపుదాల్చిందో తెలుసుకోవడానికి చెన్నైలోని అన్నా శతజయంతి గ్రంథాలయం మంచి ఉదాహరణ. దాని పూర్వచరిత్రలో తెలుగువారికి కూడా భాగం ఉంది.

తంజావూరులోని సరస్వతీ మహలును ముందుగా చెప్పుకోవాలి. తంజావూరును ఏలిన తెలుగు నాయకరాజుల కాలంలో అది రాజమందిరపు గ్రంథ భాండాగారంగా ఏర్పడింది. అనంతరం మహారాష్ట్ర ప్రభువులలో రెండవ శరభోజి దానిని ఎంతగానో వృద్ధిచేశాడు. తెలుగు, తమిళ, సంస్కృత, మరాఠీ భాషల తాళపత్ర గ్రంథాలు, వ్రాతప్రతులు అక్కడ భద్రంగా నిలిచాయి. ఆ రాజుల శ్రద్ధ లేకపోతే మన దక్షిణాంధ్ర వాఙ్మయంలో ఎంతో భాగం మనకు దక్కేది కాదు. అయితే అది రాజుగారి సంపద. రాజాశ్రయం పొందిన పండితునికే గాని ఊరిలోని సామాన్యునికి అందులో ప్రవేశం లేదు. 1918లో మాత్రమే అది ప్రజల గ్రంథాలయమైంది.

ఆంగ్లేయుల పాలనలో మద్రాసు నగరంలో కన్నెమరా గ్రంథాలయం 1896 డిసెంబరులో ప్రారంభమైంది. రాష్ట్ర గవర్నరుగా పనిచేసిన కన్నెమరా ప్రభువు పేరు దానికి పెట్టారు. హెన్రీ ఇర్విన్ అనే శిల్పి రూపొందించిన ఆ భవనం ఎత్తైన కప్పుతో, రంగుటద్దాల కిటికీలతో, టేకు కర్రపనితో నేటికీ చూపరులను ఆకర్షిస్తుంది. ఇది పౌరుల కోసం కట్టినదే. కాని ఒక మహానగరంలో ఒక సుందరభవనం వెలసినంత మాత్రాన పల్లెలలోని ప్రజలకు పుస్తకం అందదు కదా!

ఆ లోటును తీర్చడానికి పూనుకొన్నవారు ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమ కార్యకర్తలు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన ధర్మ పుస్తక భాండాగారం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. బెజవాడ సంస్థ పేరులో భాండాగారమన్న పాత మాటే ఉంది. కాని దానికి ముందు 'ధర్మ' శబ్దం చేరింది. ధర్మసత్రంలో అన్నం ఎట్లాగో ఇక్కడ పుస్తకం అట్లాగ అని దాని భావం. 1914 ఏప్రిల్‌లో ఆ బెజవాడలోనే ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులందరూ సమావేశమయ్యారు. ఈ కార్యానికి ప్రధాన సూత్రధారి అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఆయన పూనికతోనే 1919 నవంబరు 14న మద్రాసులో అఖిలభారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. ఏటా నవంబరు 14 నుండి మనం జరుపుకొనే గ్రంథాలయ వారోత్సవాలకు మూలం ఈ సభయే. 1935లో కొల్లూరు నుండి పెదవడ్లపూడి వరకు కాలువమీద పడవలో పుస్తకాలు ప్రయాణం చేశాయి. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని దగ్గరకు వెళ్లాలని ఆ పడవ గ్రంథాలయం చాటింది.

ఈ ఆచరణకు శాస్త్రరూపమిచ్చినవారు శియాళి రామామృత రంగనాథన్. ఆయన గణితశాస్త్ర ఆచార్యులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియమితులై, ఇంగ్లండుకు వెళ్లి అక్కడి గ్రంథాలయాలను పరిశీలించి వచ్చారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలను ప్రతిపాదించారు. వాటి సారాంశాన్ని మన మాటలలో చెప్పుకొంటే ఇది: పుస్తకం చదవడానికే గాని దాచడానికి కాదు. ఏ పాఠకునికైనా అతనికి తగిన పుస్తకం దొరకాలి. ఏ పుస్తకానికైనా దానికి తగిన పాఠకుడు లభించాలి. పాఠకుని కాలం వృథా కాకూడదు. గ్రంథాలయం నిత్యం పెరుగుతూ ఉండే ప్రాణివంటిది. చూడడానికి ఇవి అతి సామాన్యంగా కనిపిస్తాయి. కాని ఒక భవనాన్ని నిర్మించబోయేవారు వీటిని నిజంగా పాటించదలిస్తే, గోడలు, కిటికీలు, మెట్లు, అరలు అన్నీ మారిపోతాయి.

రంగనాథన్ కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇటువంటి చట్టాలలో ఇదే మొదటిది. స్థానిక సంస్థలు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకం వసూలు చేసే పద్ధతి దీనితో ఏర్పడింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి ఈ చట్టం మన ప్రాంతానికి కూడా వర్తించింది. 1955లో హైదరాబాదు రాష్ట్రానికి వేరొక చట్టం వచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే గ్రంథాలయ చట్టం అమలులోకి వచ్చింది. సుంకం చెల్లించే ప్రతి గృహస్థు గ్రంథాలయానికి యజమానులలో ఒకడు. ఈ మాటను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. దీని ప్రాముఖ్యం ముందుముందు తెలుస్తుంది.

ఇంతటి చరిత్ర గల చెన్నై నగరంలో, తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి, గొప్ప చదువరి అయిన సి.ఎన్. అన్నాదురై శతజయంతి స్మారకంగా ఒక నూతన గ్రంథాలయాన్ని నిర్మించాలని ప్రభుత్వం సంకల్పించింది. 2008లో శంకుస్థాపన జరిగింది. 2010 సెప్టెంబరు 15న, అన్నాదురై జన్మదినాన, నాటి ముఖ్యమంత్రి ఎం. కరుణానిధి దానిని ప్రారంభించారు. కొట్టూర్‌పురంలో 8 ఎకరాల స్థలంలో 9 అంతస్తులుగా, మూడు లక్షల చదరపు అడుగులకు పైబడిన వైశాల్యంతో ఆ భవనం వెలసింది. 12 లక్షల గ్రంథాలను ఇముడ్చుకోగల శక్తి దానికి ఉంది.

ఇక పంచసూత్రాల వెలుగులో ఈ భవన నిర్మాణాన్ని పరిశీలిద్దాం. పాత పద్ధతి గ్రంథాలయాలలో పుస్తకాలు తాళం వేసిన బీరువాలలో ఉండేవి. పాఠకుడు చీటీ వ్రాసి ఇస్తే ఉద్యోగి లోపలికి వెళ్లి తెచ్చి ఇచ్చేవాడు. పేరు తెలిసిన పుస్తకమైతే దొరుకుతుంది. పేరే తెలియని పుస్తకాన్ని అడిగేదెట్లా? ఇక్కడ అరలు తెరచి ఉంటాయి. పాఠకుడు వాటి నడుమ స్వయంగా సంచరించవచ్చు. ఒక పుస్తకం కోసం వచ్చినవానికి దాని పక్కనున్న మరొక పుస్తకం కంటబడుతుంది. ఆ విధంగా పాఠకుడు కోరని పుస్తకానికి కూడా పాఠకుడు లభిస్తాడు. ఒక్కొక్క అంతస్తును కొన్ని విషయాలకు కేటాయించి, ఒకే శాస్త్రానికి చెందిన గ్రంథాలను ఒకచోట చేర్చడంవల్ల కాలం కలిసివస్తుంది. గ్రంథసూచిని కంప్యూటరులో చూసుకొని లిఫ్టులో తిన్నగా ఆ అంతస్తుకు చేరుకోవచ్చు.

ఏ పాఠకునికైనా తగిన పుస్తకం అన్న సూత్రం నేల అంతస్తులోనే దర్శనమిస్తుంది. దృష్టిలోపం గలవారికి బ్రెయిలీ విభాగాన్ని అక్కడ ఏర్పాటు చేశారు. మెట్లెక్కవలసిన శ్రమ వారికి లేకుండా చేయడం నిర్మాతల వివేకం. సొంత పుస్తకాలు తెచ్చుకొని చదువుకొనేవారికి కూడా నేల అంతస్తులోనే చోటు ఉంది. ఇరుకింటిలో ప్రశాంతంగా చదువుకొనే వీలులేక, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతకు ఇది వరప్రసాదం. వారికి కావలసింది పుస్తకంకంటె ముందు ఒక బల్ల, ఒక దీపం, కొంత నిశ్శబ్దం. మొదటి అంతస్తులో బాలల విభాగం ఉంది. అక్కడ నిర్మించిన పెద్ద కృత్రిమ వృక్షం పిల్లలను ఆకట్టుకొంటుంది. రెండవ అంతస్తు తమిళ గ్రంథాలకు నెలవు. వీటికి తోడు వెయ్యిమందికి పైగా కూర్చోగల ప్రేక్షాగృహం, ఆరుబయటి రంగస్థలం, సమావేశ మందిరాలు ఉన్నాయి.

గ్రంథాలయ నిర్మాణంలో వెలుతురు ఒక చిక్కుసమస్య. పాఠకునికి వెలుతురు కావాలి. పుస్తకానికి నేరుగా పడే ఎండ శత్రువు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కాగితాన్ని పసుపుబారజేసి పెళుసెక్కిస్తాయి. అందువల్ల గ్రంథాలయ శిల్పులు సాధారణంగా చదువుకొనే బల్లలను కిటికీల వైపు, పుస్తకాల అరలను లోపలి వైపు ఉంచుతారు. ఈ భవనంలో కూడా పెద్దపెద్ద గాజు కిటికీలగుండా పగటి వెలుగు పఠనస్థలాలలో ప్రసరిస్తుంది. విద్యుత్తు, నీరు పొదుపుగా వాడే కట్టడంగా దీనికి 'లీడ్' స్వర్ణశ్రేణి గుర్తింపు లభించింది.

బరువు రెండవ సమస్య. నిండిన పుస్తకాల అర ఎంత బరువుంటుందో ఇల్లు మారినవారికి తెలుసు. భవనాలపై పడే భారాలను గురించిన భారతీయ ప్రమాణాల ప్రకారం, ఆసుపత్రిలో రోగుల వార్డు నేలతో పోలిస్తే పుస్తకాలు నిల్వచేసే గది నేల చదరపు మీటరుకు కనీసం మూడు రెట్ల భారం మోయగలగాలి. ఇక ఐదవ సూత్రం సంగతి. పెరిగే ప్రాణికి పెరిగే చోటు కావాలి. కాబట్టి కొత్త గ్రంథాలయంలో కొన్ని అరలు ఖాళీగా కనిపిస్తే అది లోపం కాదు. రేపు వ్రాయబోయే పుస్తకాలకు నేడు వేసిన పీటలవి.

ఇట్లా ప్రతి అంగమూ పాఠకుని దృష్టిలో ఉంచుకొని నిర్మించిన ఈ సౌధానికి మరుసటి సంవత్సరమే ఆపద వచ్చింది. 2011లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది నవంబరు 2న, ఈ గ్రంథాలయాన్ని నుంగంబాక్కంలోని వేరొక ఆవరణకు తరలించి, ఈ భవనాన్ని పిల్లల ఆసుపత్రిగా మార్చాలని కొత్త ప్రభుత్వం ప్రకటించింది. పిల్లలకు ఉన్నతస్థాయి ఆసుపత్రి అవసరమన్న మాటను ఎవరూ కాదనలేరు. ప్రశ్న అది కాదు. వైద్యాలయానికి చిన్నచిన్న గదులు, అడుగడుగునా నీటి గొట్టాలు, ప్రాణవాయువు ఏర్పాట్లు, అంటువ్యాధులు సోకకుండా వేరుచేసే అడ్డుగోడలు కావాలి. గ్రంథాలయానికి కావలసినవి విశాలమైన మందిరాలు, బరువు మోసే నేలలు, అడ్డులేని వెలుతురు. ఒకదానికోసం కట్టినదానిని మరొకదానిగా మార్చడమంటే రెండింటికీ న్యాయం చేయకపోవడమే. రచయితలు, విద్యార్థులు, న్యాయవాదులు ఈ నిర్ణయాన్ని ప్రతిఘటించారు. ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. నవంబరు 4న మద్రాసు హైకోర్టు ఆ నిర్ణయం అమలును నిలుపుచేసింది. ఆ తరువాతి సంవత్సరాలలో నిర్వహణ లోపాల విషయంలో కూడా న్యాయస్థానం జోక్యం చేసుకోవలసి వచ్చింది. గ్రంథాలయం అక్కడే నిలిచింది. 2023 జూలైలో మదురై నగరంలో కలైజ్ఞర్ శతజయంతి గ్రంథాలయం అనే మరొక పెద్ద గ్రంథాలయం కూడా ప్రారంభమైంది.

ఈ వృత్తాంతం నుండి మనం గ్రహించవలసినది ఒకటి ఉంది. తంజావూరు భాండాగారాన్ని రాజు కాపాడాడు. రాజు ఉన్నంతకాలం అది రాజుదే. ప్రజల గ్రంథాలయానికి రాజు లేడు. ఒక ప్రభుత్వం కట్టవచ్చు, మరొక ప్రభుత్వం వద్దనుకోవచ్చు. అప్పుడు అది తమదని చెప్పగలిగినవారు, అక్కడ కూర్చొని చదివినవారే. 2011లో చెన్నై పాఠకులు చేసిన పని అదే.

మన జిల్లా కేంద్ర గ్రంథాలయాలకు, ఊళ్లలోని శాఖా గ్రంథాలయాలకు తొమ్మిది అంతస్తులు ఉండకపోవచ్చు. ఒక్క గది, రెండు బల్లలు, నాలుగు దినపత్రికలు మాత్రమే ఉండవచ్చు. అయినా పంచసూత్రాలు అక్కడా వర్తిస్తాయి. అరలు తెరచి ఉన్నాయా? చదివేచోట వెలుతురు పడుతున్నదా? వృద్ధులు, వికలాంగులు సులభంగా లోపలికి రాగలుగుతున్నారా? పిల్లల చేతికందే ఎత్తులో పిల్లల పుస్తకాలున్నాయా? కొత్త పుస్తకాలకు చోటుందా? విద్యార్థులు తమ ఊరి గ్రంథాలయాన్ని దర్శించినప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోవాలి. సమాధానం లేదు అని వస్తే గ్రంథాలయాధికారితో వినయంగా చెప్పాలి. అవసరమైతే జిల్లా గ్రంథాలయ సంస్థకు విన్నవించాలి. మన పెద్దలు చెల్లించే సుంకంతో నడిచే ఇల్లు అది. ఆ ఇంటిని తరచు సందర్శించడం మన హక్కు మాత్రమే కాదు, దానిని నిలబెట్టుకొనే మార్గం కూడా.