పంకు సంగీతమును కాపాడిన రసికుల జ్ఞాపకములు - నంగలి సీమ నేర్వదగిన పాఠము

నంగలి పేరు చరిత్రలో హద్దుగా ప్రసిద్ధము. హొయసల విష్ణువర్ధనుని శాసనములలో ఆతని రాజ్యమునకు తూర్పు ఎల్లగా చెప్పబడినది నంగలియే. నేడును ముళబాగిలు తాలూకాలోని యీ గ్రామము కర్ణాటకాంధ్రముల సరిహద్దున, బెంగుళూరు నుండి చెన్నపట్టణమునకు పోవు రాజమార్గముపై నున్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, బంగారు గనుల వైపు పోయినచో తమిళమును వినవచ్చు నీ సీమలో పాట ఒక భాష నుండి మరియొక భాషకు నడచుట నిత్యకృత్యము. అట్టి పాటలను మనము ఎట్లు జ్ఞాపకముంచుకొనుచున్నాము? మరచిపోయిన వెన్ని? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై ఒక దూరదేశపు సంగీతచరిత్రను పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

ఆ సంగీతము పేరు పంకు. 1970 దశకమున అమెరికాలో మొలకెత్తి ఇంగ్లండులో చెలరేగినది. దాని తొలి విజృంభణము రెండు మూడేండ్లకు మించలేదు. అయినను, దానిని విన్నవారు నేటికిని, అనగా దాదాపు ఏబదియేండ్ల పిమ్మటను, ఏ సభలో ఎవరు పాడిరి, ఏ రికార్డు ఏ అంగడిలో కొంటిమి అని తలచుకొనుచు, వాదించుకొనుచు, వ్రాసికొనుచు నున్నారు. ఇంత అల్పాయువైన సంగీతమునకు ఇంత దీర్ఘమైన స్మృతి యెట్లు కలిగెనన్నదే యిచ్చట విచార్యాంశము.

పంకు అన నేమి?

ఆంగ్లమున ఈ పదమునకు పనికిమాలినవాడు, అల్లరివాడు అని వ్యవహారార్థము. సంస్కృతములోని పంకమునకును దీనికిని ధ్వనిసామ్యమే గాని సంబంధము లేదు. ఈ పంకమునుండియు కొన్ని పంకజములు పుట్టినమాట మాత్రము నిజము.

1970 దశకపు తొలినాళ్ళలో పాశ్చాత్యుల రాక్ సంగీతము మహావైభవముగా నుండెను. ఒక్కొక్క పాట ఇరువది నిమిషములు సాగుటయు కలదు. వాద్యములు విలువగలవి, సభలు వేలాదిమంది పట్టునంత పెద్దవి. పాడువానికిని వినువానికిని నడుమ దూరము పెరిగెను. 1973 డిసెంబరులో న్యూయార్కు నగరమున బవరీ వీథిలో సి.బి.జి.బి. అను చిన్న పానశాల తెరవబడెను. రామోన్స్, టెలివిజన్, ప్యాటీ స్మిత్, బ్లాండీ, టాకింగ్ హెడ్స్ మొదలగువారు అచ్చట పాడి పేరొందిరి. 1976లో వెలువడిన రామోన్స్ వారి తొలి రికార్డులో పదునాలుగు పాటలున్నను అన్నియు కలిసి అరగంటకు లోపే.

కర్ణాటక సంగీతమునకు అలవాటుపడిన మనకు ఇందలి కిటుకు కొంత వివరింపవలెను. మన సంగీతము ఒకే స్వరధార. రాగము దాని ప్రాణము. పాశ్చాత్యులు షడ్జము, గాంధారము, పంచమము వంటి స్వరములను ఒక్కమారుగా మ్రోగింతురు. దానిని కార్డ్ అందురు. అట్టివి మూడు చేతికి వచ్చినచో పంకు పాట కట్టవచ్చును. 1977 తొలినాళ్ళలో ఇంగ్లండు నందలి ఒక అభిమానుల చిన్న పత్రిక, గిటారుపై మూడు కార్డుల బొమ్మలు గీచి, ఇక మీరొక బృందమును కట్టుకొనుడని చదువరులకు చెప్పెను. మన చెక్కభజన బృందములందు చేరువానిని సంగీతశాస్త్రము చదివితివా యని ఎవరు నడుగరు గదా! తాళము తప్పకున్న చాలును. పంకువారికి కావలసినదియు దాదాపు అంతియే.

అప్పటి ఇంగ్లండు స్థితి దీనికి తోడ్పడెను. 1976 నాటికి అచ్చట నిరుద్యోగుల సంఖ్య పదిలక్షలను దాటియుండెను. ప్రభుత్వము అంతర్జాతీయ ద్రవ్యనిధినుండి అప్పు కోరవలసివచ్చెను. బడి విడిచిన యువకునకు పని లేదు. ఆ కోపమునకు సెక్స్ పిస్టల్స్, క్లాష్ మొదలగు బృందములు గొంతునిచ్చెను. 1977లో రాణి సింహాసనారోహణ రజతోత్సవపు వేళ సెక్స్ పిస్టల్స్ పాడిన ఒక పాటను బి.బి.సి. నిషేధించినను అది అమ్మకముల పట్టికలో రెండవ స్థానమున కెక్కెను. తెలుగువారికి ఇట్టి ధిక్కారము కొత్తది కాదు. 1965లో హైదరాబాదున దిగంబరకవులు తమ తొలి సంపుటమును అర్ధరాత్రి వేళ నాంపల్లి పాండు అను రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేసిరి. పెద్దల పీఠమును త్రోసి సామాన్యునకు పెద్దపీట వేయుట రెండింటను సమానము.

తరువాతి రెండు శాఖలు

1978 జనవరిలో సెక్స్ పిస్టల్స్ చీలిపోయెను. పంకు తెరచిన వాకిట రెండు మార్గములు సాగినవి. పంకు వేగమును కొంత మెరుగుపెట్టి, విద్యుద్వాద్యముల నాదము చేర్చి, ఎల్లవారికిని ఇంపుగా చేసినది న్యూవేవ్. బ్లాండీ, టాకింగ్ హెడ్స్ వారిని ఇందు చేర్తురు. 1981 ఆగస్టులో అమెరికాలో ప్రారంభమైన ఎం.టీవీ దీనిని ఇంటింటికి చేర్చెను. రెండవది పోస్ట్‌పంక్, అనగా పంకు పిమ్మటిది. ఇది లోనికి చూచు సంగీతము. మాంచెస్టరు ప్రాంతమున జాయ్ డివిజన్, లీడ్సులో గ్యాంగ్ ఆఫ్ ఫోర్, షెఫీల్డులో కబరే వోల్టేర్, లండనులో స్లిట్స్ అను స్త్రీల బృందము ప్రసిద్ధములు.

ఊళ్ళ పేర్లను గమనింపుడు. మాంచెస్టరు నూలుమిల్లులకు, షెఫీల్డు ఉక్కుకు పేరుగన్నవి. ఆ కర్మాగారములు మూతపడుచున్న కాలమున, ఖాళీయైన కట్టడముల నడుమ, ఈ సంగీతము పుట్టెను. కోలారు బంగారు గనుల వారికి ఈ దృశ్యము పరాయిది కాజాలదు.

నలువదిమంది సభ

ఇక స్మృతి విషయము. 1976 జూన్ 4వ తేదీన మాంచెస్టరునందలి ఫ్రీ ట్రేడ్ హాలు పైయంతస్తులోని చిన్న మందిరమున సెక్స్ పిస్టల్స్ సభ జరిగెను. ఏర్పాటు చేసినవారు హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ అను ఇరువురు యువకులు. వచ్చినవారు సుమారు నలువదిమంది యని చెప్పుదురు. వారిలో తరువాత జాయ్ డివిజన్ బృందము నెలకొల్పిన బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్‌లును, ది ఫాల్ బృందనాయకుడు మార్క్ ఇ. స్మిత్‌ను, గాయకుడు మారిసీయు నుండిరి. ఆ సభ చూచిన వెనువెంటనే తాను గిటారు కొంటినని హుక్ చెప్పియున్నాడు.

కాలము గడచిన కొలది ఆ నలువదిమంది వందలు, వేలు అయిరి. మాంచెస్టరున ఆ వయసువారు ఎవరిని కదిపినను నేనచ్చట నుంటిననిరి! డేవిడ్ నోలన్ అను పాత్రికేయుడు నిజముగా వచ్చినవారెవరో తెలిసికొనుటకు పూనుకొని, నేనచ్చట నుంటినని ప్రమాణము చేయుచున్నాను అను భావము గల పేరుతో ఒక గ్రంథమే వ్రాసెను. తికమకకు ఒక కారణమును కలదు. అదే మందిరమున జూలై 20న రెండవ సభ జరిగెను; దానికి చాలమంది వచ్చిరి. అనేకుల తలపులో రెండును కలిసి ఒకటైనవి.

ఇందు అబద్ధమాడు కోరిక కంటె మనసు స్వభావమే యెక్కువ. విన్న కథ పదిమారులు చెప్పగా కన్న కథయగును. ఇట్లని జ్ఞాపకమును తోసివేయరాదు. ఆ నలువదిమందికి ఆ సాయంకాలము ఏమి చేసెనో ఏ దస్తావేజును చెప్పజాలదు. తేదీని కాగితము చెప్పవలెను; తేదీ విలువను మనిషి చెప్పవలెను.

కాగితములు, రికార్డులు

పంకు రసికుల భాగ్యమేమనగా, వారికడ కాగితములు కలవు. 1976 జూలైలో మార్క్ పెర్రీ అను బ్యాంకు గుమాస్తా 'స్నిఫిన్ గ్లూ' అను చిన్న పత్రికను తానే టైపుచేసి, శీర్షికలు చేతితో వ్రాసి, ప్రతులు తీయించి పంచిపెట్టెను. మొదటి సంచిక ఏబది ప్రతులే. దానిని చూచి ఊరూర ఇట్టి పత్రికలు బయలుదేరినవి. అందలి వ్రాతలో అక్షరదోషములు, కొట్టివేతలు మెండు. అయినను ఏ ఊర ఏ రాత్రి ఎవరు పాడిరో అందు తెలియును.

రికార్డులును అట్లే. పైన చెప్పిన డివోటో, షెల్లీల బృందమైన బజ్‌కాక్స్, 1977 జనవరిలో 'స్పైరల్ స్క్రాచ్' అను నాలుగు పాటల రికార్డును తమ సొంత ముద్రతో వెలువరించెను. ఐదువందల పౌనుల మేర అప్పుతెచ్చి మొదట వేయి ప్రతులు వేయించిరి. క్రమముగా పదునారువేల వరకు అమ్ముడుపోయెను. అట్టపై ఏ పాట ఎన్నవ ప్రయత్నమున సిద్ధించెనో కూడ ముద్రించిరి. ఇది గొప్పకు కాదు. ఈ పని ఇట్లు చేయవచ్చునని తక్కినవారికి తెలియుటకు. లండనులో 1976లో తెరచిన రఫ్ ట్రేడ్ అంగడి ఇట్టి రికార్డులను పంచెను. రేడియోలో జాన్ పీల్ వానిని వినిపించెను. 2016లో బ్రిటిష్ గ్రంథాలయము 1976 నుండి 1978 వరకు గల పంకు చరిత్రపై ప్రదర్శన నేర్పరచినప్పుడు ఆ చింకి పత్రికలే అద్దాల పెట్టెల నెక్కినవి.

స్మృతికి పక్షపాతమును కలదు. చాలకాలము పంకు కథ తెల్లజాతి యువకుల కథగానే చెప్పబడెను. 1976లో మొదలైన రాక్ ఎగైన్‌స్ట్ రేసిజం ఉద్యమమును, 1978 ఏప్రిల్ 30న లండను విక్టోరియా పార్కున క్లాష్‌తోపాటు పాడిన స్టీల్ పల్స్ అను నల్లజాతి బృందమును, సోమాలీ తండ్రికి పుట్టిన గాయని పాలీ స్టైరీన్‌ను తలచుకొన్నవారు కలరు. కాని లండనునందలి పాకిస్తానీ సంతతి యువకులు 1979లో స్థాపించిన ఏలియన్ కల్చర్ అను బృందము దాదాపు మరుగున పడెను. ఒక్క రికార్డు మిగిలియుండుటచే తరువాతివారు దానిని మరల వెలికి తీయగలిగిరి.

మన సీమ సంగతి

ఇక స్వదేశమునకు వత్తము. 1880లో జాన్ టేలర్ సంస్థ చేపట్టిన నాటినుండి కోలారు బంగారు గనులు నానా భాషలవారిని రప్పించినవి. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, ఆంగ్లో ఇండియనులు ఒక్క ఊరివారైరి. దొరల క్లబ్బులలో నృత్యవాద్యములు మ్రోగుచుండగా కార్మికుల వరుసయిండ్లలో భజనలు, తప్పెటలు మ్రోగెడివి. 1956లో గనులు ప్రభుత్వపరమైనవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నాటి యువకార్మికులు నేడు వృద్ధులు. 2018, 2022 సంవత్సరములలో కె.జి.యఫ్. పేర వెలువడిన చలనచిత్రములు దేశమంతట ఆడిన పిదప, ఆ పేరు విన్నవారికి కల్పితవీరుడు తోచును గాని గని దిగివచ్చి తప్పెట పట్టిన మనిషి తోచడు. ఎరిగినవారు వ్రాయని చోట ఎరుగనివారి కల్పన నిండును.

మనకడ నిలిచిన సంపద యేమియు లేదనుట తప్పు. కైవారము నారాయణ తాత తత్త్వములు తెలుగునను కన్నడమునను భజనపరుల నోట నేటికిని జీవించియున్నవి. తప్పెటవాద్యమున సిద్ధహస్తుడైన పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారికి 2023లో పద్మశ్రీ లభించెను. ఆయన జిల్లాయైన చిక్కబళ్ళాపురము 2007 వరకు కోలారులోని భాగమే. ప్రతి గ్రామమునను పురస్కారము రాని వాద్యకారులును, వారిని విన్నవారును కలరు.

కావున సంఘసభ్యులకు నా మనవి యిది. నంగలిలోను, ముళబాగిలులోను, గనుల వాడలలోను అరువది దాటిన వారికడకు పోయి, మీరు విన్న పాట యేది, ఎచ్చట, ఏ యేట, ఎవరు పాడిరి, ప్రక్కన ఎవరుండిరి అని యడిగి వ్రాసికొనవలెను. ఇద్దరి మాట కలియనిచో ఇద్దరి మాటయు వ్రాయవలెను. కరపత్రము, భజనపుస్తకము, క్యాసెట్టు, పాతఫొటో దొరికినచో వెనుకవైపు పేరును సంవత్సరమును గుర్తింపవలెను. స్త్రీల పాటలను, తప్పెటవారి పాటలను మొదట అడుగవలెను. మరపు మొదట మ్రింగునది వానినే. ఏబది ప్రతుల పత్రికయైనను చాలును. ఆ పని ఈ సంవత్సరమే మొదలిడుట లెస్స; ఏలయన చెప్పగలవారి సంఖ్య ఏటేట తగ్గుచున్నది.