ఊరూ పేరూ ఉన్న రాయి

ఇల్లు మారినప్పుడు అటకెక్కించిన చెక్కపెట్టెను రెండేళ్ల తర్వాత కిందికి దించాను. మూత తీస్తే అడుగంతా చెదల మట్టి. లోపలున్న 43 రాళ్లకూ ఏమీ కాలేదు. వాటి కింద మడిచిపెట్టిన చీటీలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఏ రాయి ఎక్కడిదో, ఎవరిచ్చారో, ఏ ఏడాది దొరికిందో అన్నీ ఆ చీటీల మీదే రాసుకున్నాను.

ఆ నెలంతా రాత్రిళ్లు కూర్చుని ఒక్కో రాయినీ గీసి, తూచి, భూతద్దంలో చూసి మళ్లీ పేర్లు పెట్టాను. 36 రాళ్లకు పేర్లు తిరిగొచ్చాయి. ఊళ్లు మాత్రం ఎంత గుర్తు చేసుకున్నా నాలుగింటికే దొరికాయి.

ఎవరికీ తెలియని మనిషిని మనం ‘ఊరూ పేరూ లేనివాడు’ అంటాం. ఊరు ముందు, పేరు తర్వాత. ఖనిజాల సేకరణలోనూ వరస అదేనని ఆ పెట్టె నాకు నేర్పింది. పేరు రాయిలోనే దాగి ఉంటుంది. ఓపిక ఉంటే ఎప్పుడైనా రాబట్టుకోవచ్చు. ఊరు చీటీ మీదే ఉంటుంది. చీటీ పోతే ఊరూ పోయినట్టే.

రంగు కంటే గీటు మేలు

కొత్తగా రాళ్లు ఏరేవాళ్లు ముందు రంగు చూస్తారు. మన చేలగట్ల మీద దొరికే పలుగురాయినే తీసుకోండి. తెల్లగా ఉంటుంది, గులాబీ రంగులో ఉంటుంది, పొగచూరినట్టుంటుంది, ఊదాగా ఉంటే ఆమెథిస్ట్ అంటారు. అన్నీ సిలికాన్ డయాక్సైడే. స్ఫటికంలో చేరిన రవంత మలినమో, చిన్న లోపమో ఇన్ని రంగులు తెస్తుంది.

రంగు కంటే గీటు నమ్మదగ్గది. కంసాలి గీటురాయి మీద బంగారం నిగ్గు తేల్చినట్టే, తెల్లటి పింగాణీ టైలు వెనకవైపు, నున్నటి పూత లేని చోట రాయిని గీసి చూడాలి. హెమటైట్ అనే ఇనుప ఖనిజం నల్లగా ఉక్కులా మెరుస్తుంది. గీస్తే ఎర్రటి గీటు పడుతుంది. గడపకు పూసే జాజు రంగు అది. జాజుకు ఆ ఎరుపు ఇచ్చేది ఈ ఖనిజమే. చూడ్డానికి దానిలాగే ఉండే మాగ్నటైట్, అంటే మన సూదంటురాయి, నల్లటి గీటు వేస్తుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. పసుపుపచ్చగా మెరిసి ఆశపెట్టే పైరైట్ గీటు ఆకుపచ్చ ఛాయ కలిసిన నలుపు. అసలు బంగారం గీటు బంగారు రంగులోనే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది గట్టిదనం. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ఏర్పరచిన పది మెట్ల కొలబద్ద ఇప్పటికీ సేకర్తల చేతిలో ఉంది. మొదటి మెట్టు టాల్క్, మన బలపపు రాయిలో ఉండేది. జిప్సం 2, కాల్సైట్ 3, ఫ్లోరైట్ 4, అపటైట్ 5, ఆర్థోక్లేజ్ 6, పలుగు 7, టోపాజ్ 8, కురువిందం 9, వజ్రం 10. కురువిందానికి ఇంగ్లిష్ వాళ్లు వాడే కోరండం అన్న మాట మన దక్షిణాది భాషల నుంచి వెళ్లిందే. ఇవి వరస చెప్పే అంకెలే, కొలతలు కావు. తొమ్మిదికీ పదికీ తేడా ఒక్క మెట్టే అయినా, వజ్రం కురువిందం కంటే కొన్ని రెట్లు గట్టిది.

ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఈ పరీక్ష చేయవచ్చు. గోరు గట్టిదనం దాదాపు 2.5, కత్తి మొన, గాజు 5.5 దగ్గర ఉంటాయి. తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. మెరిసే రాయి గాజును గీసిందంటే వజ్రమేనని చాలామంది నమ్మకం. పలుగురాయి కూడా గాజును గీస్తుంది. అందుకని ఆ ఒక్క పరీక్షతో ఆశ పెంచుకోకూడదు. సాంద్రత, అంటే నీటి కంటే ఎన్ని రెట్లు బరువో కూడా చూడాలి. వజ్రానిది 3.5, పలుగుది 2.65.

రాయి విరిగే తీరు కూడా దాని పేరు చెబుతుంది. అభ్రకాన్ని మనవాళ్లు కాకిబంగారం అన్నారు. అది ఒకే దిక్కున పొరలు పొరలుగా విడిపోతుంది. కాల్సైట్ మూడు దిక్కుల్లో చీలి, ఏటవాలు గోడలున్న పెట్టె ఆకారంలో ముక్కలవుతుంది. పారదర్శకంగా ఉన్న ముక్కను అచ్చు కాగితం మీద పెడితే ప్రతి అక్షరం రెండుగా కనిపిస్తుంది. పలుగుకు అలాంటి చీలిక లేదు. పగిలిన సీసాపెంకులా వంపులు తిరిగి విరుగుతుంది.

తూకం చెప్పిన నిజం

నా పెట్టెలో బూడిద రంగు రాయి ఒకటుండేది. చూస్తే ఏ సున్నపురాయో అనుకుంటారు. చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి జారింది. అంత బరువు. నిమ్మరసం వేశాను, నురగ రాలేదు. కాల్సైట్ గానీ సున్నపురాయి గానీ అయితే సన్నగానైనా బుడగలు రావాలి.

వంటింటి డిజిటల్ త్రాసు మీద పెడితే 412 గ్రాములు తూగింది. తర్వాత నీళ్లున్న గిన్నెను త్రాసు మీద పెట్టి అంకె సున్నాకు తెచ్చాను. రాయికి దారం కట్టి, గిన్నె అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీశాను. త్రాసు 94 గ్రాములు చూపించింది. రాయి తొలగించిన నీటి బరువు అది. ఆర్కిమెడిస్ సూత్రాన్ని వంటింట్లో ఇంతకంటే తేలిగ్గా చూడలేం. 412ను 94తో భాగిస్తే 4.38. అదే సైజు పలుగురాయి 249 గ్రాములే తూగేది.

లోహపు మెరుపు లేని మామూలు రాళ్లలో ఇంత బరువున్నవి కొద్ది. కత్తి మొనకు తేలిగ్గా గీసుకుంది, ఆమ్లానికి పొంగలేదు, సాంద్రత 4.5కు దగ్గరగా వచ్చింది. అన్నీ కలిపి చూస్తే బెరైటీస్, మన ముగ్గురాయి. బెరైట్ అన్న పేరే గ్రీకులో ‘బరువు’ అనే మాట నుంచి పుట్టింది. చమురు బావులు తవ్వేటప్పుడు పోసే బురదకు ఆ బరువు కోసమే దీని పొడి కలుపుతారు. పాత కడప జిల్లా మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. ఇక్కడికి పేరు తేలింది. అయితే నా రాయి మంగంపేటదేనా? అయ్యుండొచ్చు. కానీ చీటీ లేదు కాబట్టి, ‘మంగంపేట’ అని రాసే హక్కు నాకు లేదు.

పేర్లు మారతాయి

చేతి పరీక్షలకు ఒక హద్దు ఉంది. గార్నెట్‌లన్నీ ఒక కుటుంబం. అందులో ఏది ఆల్మండైన్, ఏది స్పెస్సార్టైన్ అని ఖాయంగా చెప్పాలంటే రసాయన విశ్లేషణ కావాలి. ఒకే రసాయన సూత్రమున్న రెండు ఖనిజాలను విడదీయాలంటే తరచూ ఎక్స్-రే వివర్తనం కావాలి. పుణె దగ్గరి వాఘోలీ క్వారీల నుంచి ప్రపంచమంతా వెళ్లే నీలి కవన్‌సైట్, దాని తోబుట్టువు పెంటగొనైట్ అలాంటి జంట. రెండింటిలోనూ కాల్షియం, వనేడియం, సిలికాన్ పాళ్లు ఒకటే, పరమాణువుల అమరిక మాత్రం వేరు. అందుకే తెలిసినంతవరకే పేరు రాసి, సందేహం ఉన్నచోట ప్రశ్నార్థకం పెట్టడం సేకర్తకు అందమైన అలవాటు.

నిపుణులు పెట్టిన పేర్లకు కూడా మార్పు తప్పదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన లూయిస్ ఫెర్మర్ మన దేశపు మాంగనీసు గనులను గాలించాడు. 1909లో వెలువడిన ఆయన గ్రంథం ఇప్పటికీ ఆకరమే. నాగపూర్ ప్రాంతంలోనూ, అప్పటి విశాఖపట్నం జిల్లా గరివిడిలోనూ దొరికిన ఒక మాంగనీసు ఖనిజానికి ఆయన తన సహోద్యోగి పేరు మీద వ్రెడెన్‌బర్గైట్ అని పేరు పెట్టాడు. అది ఒకే ఖనిజం కాదనీ, జాకబ్సైట్, హాస్మనైట్ అనే రెండు ఖనిజాల కలయిక అనీ తర్వాత తేలింది. ఖనిజాల జాబితా నుంచి ఆ పేరు తొలగింది. కానీ ‘గరివిడి’ అని రాసిన పాత చీటీ ఉన్న నమూనా విలువ పిసరంత కూడా తగ్గలేదు. కొత్త పరికరంతో మళ్లీ పరీక్షించి కొత్త పేరు రాసుకోవచ్చు. ఊరు ఉంది కాబట్టే ఆ పరీక్షకు అర్థం ఉంది.

ఒక కొండ, మూడు జిల్లాలు

ఊరు తెలిస్తే రాయి ఎంత చరిత్ర చెబుతుందో చూడాలంటే కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట కొండకు వెళ్లాలి. కొండ చుట్టూ మట్టిలో ముదురు ఎరుపు గార్నెట్‌లు దొరుకుతాయి. ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో, పుదుచ్చేరి పక్కన, రోమ్‌తో వ్యాపారం చేసిన అరికమేడు అనే ప్రాచీన రేవు ఉంది. అక్కడ దొరికిన గార్నెట్ పూసలు ఎక్కడి రాయితో చేశారు?

2017లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశోధన ఆ పూసలను గరీబ్‌పేట రాళ్ల పక్కన పెట్టి చూసింది. రసాయన కూర్పు సరిపోయింది. రాళ్ల కడుపులో సిల్లిమనైట్ అనే ఖనిజపు సన్నటి నూలుపోగులు పరుచుకున్న తీరు కూడా సరిపోయింది. పూసల పుట్టిల్లు మన గరీబ్‌పేటే అని తేలింది. ఇక్కడ రాయే తన ఊరు చెప్పింది కదా అనిపించవచ్చు. నిజమే, కానీ పోల్చి చూడటానికి ‘ఇది గరీబ్‌పేటది’ అని ఖాయంగా తెలిసిన నమూనాలు ముందు ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

ఊరు రాసేటప్పుడు జిల్లా పేరుతో సరిపెట్టకూడదని కూడా ఇదే కొండ చెబుతుంది. నిజాం కాలపు చీటీ మీద వరంగల్ జిల్లా అని ఉంటుంది. 1953 తర్వాతి చీటీ మీద ఖమ్మం, 2016 తర్వాతి దాని మీద భద్రాద్రి కొత్తగూడెం. కొండ కదల్లేదు, చీటీలే మారాయి. గరివిడి కూడా 1979 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. అందుకే ఊరు, మండలం, జిల్లాతో పాటు ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు కూడా రాసుకోవాలి. దశాంశం తర్వాత నాలుగు అంకెలు రాస్తే పది పన్నెండు మీటర్ల లోపు చోటు చూపినట్టే.

తప్పు ఊరు రాయడం, అసలు రాయకపోవడం కంటే పెద్ద నష్టం. బ్రిటన్‌లో ఆర్థర్ కింగ్స్‌బరీ గొప్ప సేకర్తగా పేరు పొందాడు. 1968లో ఆయన చనిపోయాక నమూనాలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి చేరాయి. మ్యూజియం శాస్త్రవేత్తలు వాటిని తిరిగి పరిశీలించి 1998లో తమ నిర్ధారణలు ప్రకటించారు. బ్రిటన్‌లో తాను కనుగొన్నానని ఆయన చెప్పిన అరుదైన ఖనిజాలు ఎన్నో అసలు వేరే చోట్ల నుంచి వచ్చినవే. దాంతో ఆయన చీటీలన్నీ అనుమానం కిందికి వచ్చాయి. వాటిలో నిజమైనవి కూడా నమ్మకం పోగొట్టుకున్నాయి.

చీటీ ఎలా రాయాలి

చెదలు నేర్పిన పాఠం తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు ప్రతి రాయికీ ఒక అంకె ఉంది. స్ఫటికాలు లేని వెనక వైపున గోరంత చోట తెల్ల అక్రిలిక్ రంగు వేస్తాను. అది ఆరాక సన్నటి కలాన్ని నల్ల ఇండియన్ ఇంకులో ముంచి అంకె రాస్తాను. పైన పలచగా వార్నిష్ పూస్తాను. చీటీ పోయినా అంకె రాయిని విడిచిపోదు.

అదే అంకె గట్టి అట్ట ఉన్న రిజిస్టరులో ఉంటుంది. దాని ఎదురుగా పేరు, ఏ పరీక్షలతో ఆ పేరు తేల్చానో, దొరికిన చోటు, తేదీ, ఎవరిచ్చారో, కొలతలు, బరువు. పక్కన ఏయే ఖనిజాలున్నాయో, ఏ రాతిలో పుట్టిందో కూడా రాస్తాను. అందుకే అందం కోసం చుట్టూ ఉన్న రాతిని చెక్కేయకూడదు. అది ఆ ఖనిజపు జాతకం. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, రిజిస్టరు పేజీలను కూడా ఫోటో తీసి వేరే చోట దాస్తాను. ఇతరుల నుంచి వచ్చిన రాయికి పాత చీటీ ఉంటే, అందులో తప్పు కనబడినా సరే, పారేయను. కొత్త చీటీ రాసి దాని పక్కనే ఉంచుతాను.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. పరీక్ష కోసం మంచి స్ఫటిక ముఖాన్ని గీయకూడదు, విరిగిన అంచు చాలు. ఉప్పు నీళ్లలో కరిగిపోతుంది, జిప్సం కూడా కొద్దిగా కరుగుతుంది, అలాంటివాటిని కడగకూడదు. పులివెందుల ప్రాంతపు రాతినార నమూనా ఉంటే మూత బిగిసిన డబ్బాలోనే ఉంచాలి. ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. సీసం ఉన్న గెలీనాను ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

గనిలోకైనా, పొలంలోకైనా, అడవిలోకైనా అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. మంగంపేట బెరైటీస్ పొరలను, విశాఖ ఎర్రమట్టి దిబ్బలను భూవిజ్ఞాన సర్వే వారసత్వ స్థలాలుగా గుర్తించింది. అలాంటి చోట సుత్తి సంచిలోనే ఉండాలి. అక్కడ ఫోటో, నోటుపుస్తకం చాలు.

ఊళ్లు పోయిన ఆ 39 రాళ్లను ఒక ప్రభుత్వ పాఠశాలకు ఇచ్చేశాను. పిల్లలు వాటిని గీసి, తూచి, నీళ్లలో ముంచి పేర్లు కనిపెడుతున్నారు. ఆ పనికి ఊరు అక్కర్లేదు.

నా కొత్త రిజిస్టరులో 61వ అంకె దగ్గర ఒక ఆకుపచ్చ రాయి ఉంది. ఇచ్చిన రైతు తన చేలో ఏ గట్టు పక్కన దొరికిందో చూపించాడు. అక్షాంశం, రేఖాంశం, తేదీ, పక్కనున్న రాతి రకం అన్నీ రాశాను. పేరు గడిలో ప్రశ్నార్థకం ఒక్కటే ఉంది. నేను తేల్చలేకపోతే, నా తర్వాత ఆ రిజిస్టరు తెరిచేవాళ్లు తేలుస్తారు.