‘కాస్త ఎక్కువే’ అంటే కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

పత్తి చేలో పచ్చదోమ ఎలా ఉందని అడగండి. ‘కాస్త ఎక్కువే ఉందండీ’ అంటాడు రైతు. ఆ మాట పక్క రైతుకు అర్థమవుతుంది, కంప్యూటర్‌కు కాదు. దానికి ఉన్నదీ, లేదూ అన్న రెండే తెలుసు.

ఆకుకు సగటున 2 పచ్చదోమలుంటే మందు కొట్టాలన్నది సిఫారసు. మరి 1.8 ఉంటే? 2.2 ఉంటే? గీతకు ఇవతల ఊరుకుని, అవతల పంపు భుజాన వేసుకోవడమేనా? అనుభవం ఉన్న రైతు అలా చేయడు. అక్షింతల పురుగులు, సాలీళ్లు ఏపాటి ఉన్నాయో కూడా చూస్తాడు. 1997-98లో వరంగల్ పత్తి రైతులు మందు మీద మందు కొట్టి అప్పులపాలైన సంగతి మరిచిపోలేం. దండగ పిచికారికి డబ్బు పోతుంది, మిత్రపురుగులూ పోతాయి.

శాస్త్రజ్ఞుల అనుభవాన్ని ‘ఇలా ఉంటే ఇలా చేయి’ అని నియమాలుగా కంప్యూటర్‌లో పెడితే అది ఎక్స్‌పర్ట్ సిస్టం. అందులో ‘కాస్త’, ‘బాగా’ వంటి మాటలకు చోటిచ్చేది ఫజ్జీ లాజిక్. అమెరికాలో బర్క్‌లీ ప్రొఫెసర్ లోట్ఫీ జాదే 1965లో దీనికి పునాది వేశారు. పదేళ్లు తిరక్కుండానే లండన్‌లో మమ్‌దానీ ఇలాంటి మాటల నియమాలతోనే ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని నడిపించి చూపారు.

లెక్క ఇలా ఉంటుంది. ఆకుకు 1 దోమ ఉంటే ‘ఎక్కువ’ అన్న మాటకు సున్నా మార్కు, 3 ఉంటే పూర్తిగా 1 అనుకుందాం. అప్పుడు 2.2కు 0.6 వస్తుంది. మిత్రపురుగులు ‘బాగా ఉన్నాయి’ అన్నదానికి 0.7, ‘తక్కువ’ అన్నదానికి 0.3 అనుకోండి. దోమ ఎక్కువై, మిత్రపురుగులు తక్కువైతే మందు కొట్టమనేది ఒక నియమం. రెండు మార్కుల్లో చిన్నదే నియమం బలం, అంటే 0.3. దోమ ఎక్కువైనా మిత్రపురుగులు బాగా ఉంటే ఆగి మళ్లీ చూడమనేది ఇంకో నియమం. దీని బలం 0.6. కనుక సలహా ఆగమనే వైపే మొగ్గుతుంది. ఈ మార్కులు లెక్క తెలియడానికే సుమా, వీటిని పట్టుకుని పిచికారి నిర్ణయం చేయొద్దు.

0.6 అంటే నూటికి అరవై పాళ్లు దోమ వస్తుందని జోస్యం కాదు. దోమ వచ్చేసింది, ఎక్కువ అన్న మాట దానికి ఏ మేరకు తగులుతుందన్నదే ఆ అంకె. వాన పడే అవకాశం వేరు, పడిన వాన ‘మంచి వాన’ అవునా కాదా అన్నది వేరు.

సున్నా ఎక్కడ, ఒకటి ఎక్కడ అన్నది మాత్రం యంత్రం తేల్చదు, శాస్త్రజ్ఞుడే చెప్పాలి. ఆకు తిప్పి అడుగున దోమలు లెక్కపెట్టే పని ఎలాగూ రైతుదే. రోడ్డు మీది నుంచి చూసి చెప్పిన అంకె ఇస్తే సలహా కూడా అలాగే వస్తుంది.