కలెక్టరు దగ్గర ఉండాల్సిన జాబితా

నడుము కింద చచ్చుబడిన మనిషికి రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే పిరుదుల మీద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అవి ఎముకదాకా దిగితే ప్రాణం మీదికొస్తుంది. మూత్రం గొట్టం చూసుకోవాలి, ఒళ్లు తుడవాలి, ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాలి. ఇంట్లోవాళ్లకు శక్తి లేనిచోట ఈ పనులకు పక్క వీధి నుంచో పక్క ఊరి నుంచో ఒక మనిషి వస్తుంటాడు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ మనిషి ఎలా రావాలి?

ఒకటి రెండు రోజుల్లోనే కేంద్రంలోని వికలాంగుల సాధికారత విభాగం మార్గదర్శకాలు పంపింది. సహాయకులకు పాసులివ్వాలని, కరోనా సమాచారం బ్రెయిలీలో, ఆడియోలో, సైగల భాషలో అందించాలని, చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలని అందులో ఉంది. మంచి ఉత్తర్వే. కానీ ఢిల్లీలో సంతకమైన కాగితం చెక్‌పోస్టులో నిలబడ్డ కానిస్టేబులుదాకా చేరితేనే దానికి విలువ. ఆ సహాయకుడు ఎవరో, ఏ ఇంటికి వెళ్లాలో ముందే తెలిసి ఉంటే తప్ప పాసు సమయానికి చేతికి రాదు.

ఇదంతా ప్రభుత్వం దయతలచి చేసే మేలు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు, ఇది చట్టం. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 8వ సెక్షన్ విపత్తుల్లో వికలాంగులకు అందరితో సమానమైన రక్షణ ఉండాలంటుంది. లాక్‌డౌన్ ఆదేశాలిచ్చింది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కిందే కాబట్టి, ఆ సెక్షన్ కరోనాకు వర్తించదనే వాదన నిలవదు. ఆసుపత్రుల సంగతి 25వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటుదైనా ప్రతి భాగానికీ అడ్డంకి లేకుండా వెళ్లగలగాలి, చూడటంలోనూ చికిత్సలోనూ వీరికి ప్రాధాన్యం ఇవ్వాలి.

వికలాంగులనగానే మనకు చక్రాల కుర్చీ, చేతికర్ర గుర్తొస్తాయి. ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా వాటిలో ఒకటి. ఆ పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. లాక్‌డౌన్‌లో కాలేజీలు, ఆఫీసులు మూతపడి రక్తదాన శిబిరాలు ఆగిపోయాయి. వైరస్ సోకకపోయినా ఆ పిల్లల ప్రాణానికి ముప్పు వచ్చింది. పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకునే బధిరుల ఇబ్బంది ఇంకో రకం. డాక్టరు మాస్కు పెట్టుకుంటే చెప్పేది ఒక్క ముక్కా అందదు, తోడొచ్చినవాళ్లను కరోనా రోజుల్లో లోపలికి రానివ్వలేదు. కాగితం మీద రాసి చూపిస్తే చాలు, చాలాసార్లు పని జరుగుతుంది. రాసే ఓపికను ఆసుపత్రి తన విధిగా చూడాలి.

అన్నిటికన్నా భయపెట్టే ప్రశ్న ఇది: వెంటిలేటర్లు చాలనప్పుడు ఎవరికి ఇవ్వాలి? 2020 మార్చి 20న బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ విడుదల చేసిన సూచనల్లో, రోగి ఎంత బలహీనంగా ఉన్నాడో అంకెల్లో కొలిచే పద్ధతి పెట్టారు. రోజువారీ పనులకు ఇతరుల సాయం కావాలంటే ఆ కొలతలో బలహీనుడి కిందే లెక్క. అంటే ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల బుద్ధిమాంద్యపు యువకుడూ మంచానపడ్డ వృద్ధుడూ ఒకే గాటన పడతారు. వికలాంగుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో అయిదు రోజుల్లోనే, ఆటిజం, బుద్ధిమాంద్యం, దీర్ఘకాలిక వైకల్యాలు ఉన్నవారికి ఈ కొలత వాడొద్దని సవరించారు. సాయం కావాల్సిన బతుకు తక్కువ బతుకనే భావన డాక్టర్ల కాగితాల్లోకి కూడా ఎంత తేలిగ్గా జొరబడుతుందో చూడండి. ఆ ఏడాది జనవరి నుంచి నవంబరు దాకా ఇంగ్లండులో కరోనాతో పోయిన ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు వికలాంగులని అక్కడి జాతీయ గణాంక కార్యాలయం తేల్చింది. వయసు, ఇతర జబ్బులు, ఇంటి పరిస్థితి, సామాజిక-ఆర్థిక స్థితి లెక్కలోకి తీసుకుంటే మరణాల్లో వికలాంగులకూ మిగతావారికీ ఉన్న తేడా బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

టీకాల విషయంలో మన దగ్గర జరిగింది ఆలస్యమే. ఇళ్లకు దగ్గరగా టీకా కేంద్రాలు పెట్టాలన్న సూచన 2021 మేలో వచ్చింది. మంచం దిగలేనివారికి ఇంటికెళ్లి వేయాలన్న నిర్ణయం సెప్టెంబరులో గానీ వెలువడలేదు. రెండో అల అప్పటికే ఎందరినో తీసుకెళ్లిపోయింది.

ఈ ఆలస్యాలన్నిటికీ మందు 8వ సెక్షన్‌లోనే ఉంది, ఎవరి కంటా పడదు. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాలతో రికార్డు ఉంచుకోవాలి, ముప్పు వచ్చినప్పుడు వారికి తెలియజేసే ఏర్పాటు చేయాలి. ఆ సంస్థకు అధ్యక్షుడు జిల్లా కలెక్టరు. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 2.68 కోట్లమంది వికలాంగులున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్లు, పింఛన్ల జాబితాలు ఉన్నాయి కాబట్టి సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. పింఛను జాబితా ఎవరికి డబ్బివ్వాలో చెబుతుంది. ఎవరికి ఆక్సిజన్ మిషన్ ఉందో, ఎవరింటికి సహాయకుడు రావాలో, ఎవరికి ఫోన్ చేస్తే వినపడదో చెప్పదు. కావాల్సింది ఆ వివరాలు. అవి కూడా మనిషి ఒప్పుకుని ఇచ్చినవై, సహాయానికి తప్ప మరెందుకూ వాడనివై ఉండాలి.

మీ జిల్లాలో ఆ రికార్డు ఉందో లేదో కనుక్కోండి. కలెక్టరు కార్యాలయంలోని సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. లేదని జవాబొస్తే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయండి. ఇంట్లో వికలాంగులు లేనివాళ్లూ ఈ దరఖాస్తు పెట్టవచ్చు.