దూరపు పరుగు సాధన: మాట, అర్థం, ఆచరణ

కీలక పదాలు: పరుగు, ఉరుకు, మారథాన్, అర్థపరిణామం, వారాంతపు సాధన, నిలకడ

1. ఉపోద్ఘాతం:

'ఉరుకుల పరుగుల జీవితం' అనే పదబంధం నేటి తెలుగు పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. తీరిక లేకపోవడం, తొందర, అలసట ఈ మూడూ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. విచిత్రమేమిటంటే, అటువంటి జీవితం నుంచి ఒక్క పూట తప్పించుకోవడానికి నగరాల్లోని ఉద్యోగులు ఎందరో ఎంచుకుంటున్న ఆదివారపు వ్యాపకం కూడా పరుగే. హైదరాబాదులో కె.బి.ఆర్. ఉద్యానం చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీద, విశాఖపట్నంలో ఉదయం వేళ వాహనాలను నిలిపివేసే ఆర్.కె. బీచ్ రోడ్డులో ఈ దృశ్యం పరిపాటి అయింది. ఒక నెల చిత్రలేఖనం, మరో నెల కొండలెక్కడం, ఇంకో నెల ఫొటోగ్రఫీ అంటూ అభిరుచులను పరీక్షించి చూసుకునేవారిలో కొందరు దూరపు పరుగు దగ్గర స్థిరపడతారు. మరికొందరు రెండు మూడు నెలల్లోనే మోకాలి నొప్పితోనో, పిక్క పట్టేయడంతోనో బూట్లు మూల పడేస్తారు. శరీరంలో బలం లేకపోవడం కంటే, 'పరుగు' అనే మాటకు మనసులో పాతుకుపోయిన అర్థమే చాలా సందర్భాల్లో ఈ విరమణకు కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. తెలుగులో పరుగు అర్థచ్ఛాయలు:

తెలుగువారి నిత్యవ్యవహారంలో పరుగు ప్రధానంగా తొందరకు, భయానికి, ఆరాటానికి సంకేతం. కబురు తెలియగానే 'పరుగున' వెళతారు. ధరలు 'పరుగులు తీస్తాయి'. తెలంగాణ వ్యవహారంలోని 'ఉరుకు'దీ ఇదే తీరు. పూర్వరూపమైన 'ఉఱుకు'కు దూకడమనే అర్థం కూడా ఉంది. అంటే ఆ మాటలో మొదటి నుంచీ ఒక్క ఉదుటున చేసే చర్య అనే భావం ఉందన్నమాట. హిందూస్తానీ నుంచి వచ్చిన 'దౌడు' గుర్రాన్ని తలపిస్తుంది. 'పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు' అనే సామెతలోనైతే పరుగు ఏకంగా అత్యాశకు పర్యాయపదమైంది.

ఈ ధోరణికి భిన్నమైన ధాతువు ఒకటి తెలుగులో ఉండేది. ప్రాచీన భాషలో 'పాఱు' అంటే పరుగెత్తడం, ప్రవహించడం రెండూ. కాలక్రమంలో అర్థసంకోచం జరిగి పారడం నీటికి మిగిలింది. మనిషికి మిగిలింది పారిపోవడం మాత్రమే. దూరపు పరుగు సాధన చేసేవారికి నిజంగా కావలసింది ఆ పోయిన అర్థమే. కాలువ నీరు ఎక్కడా ఎగిరిపడకుండా, ఆగకుండా సాగినట్లు గంటల తరబడి ఒకే తీరున కదలగలగడమే ఆ సాధన లక్ష్యం.

3. మారథాన్, ఒక అర్థవిజ్ఞాని ఆలోచన:

మారథాన్ పరుగును ప్రతిపాదించినవాడు క్రీడాకారుడు కాడు, భాషాశాస్త్రవేత్త. ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రేయాల్ 1883లో పదాల అర్థాన్ని పరిశీలించే శాస్త్రానికి 'సెమాంటిక్స్' అనే పేరుకు మూలమైన ఫ్రెంచి పదాన్ని రూపొందించాడు. తెలుగు విశ్వవిద్యాలయాల్లో అర్థపరిణామం చదివే విద్యార్థులు ఆయన పేరును ఆ సందర్భంలోనే ఎరుగుదురు. ఆధునిక ఒలింపిక్స్‌లో మారథాన్ గ్రామం నుంచి ఏథెన్సు దాకా పరుగుపందెం పెట్టాలని సూచించి, విజేతకు వెండి పాత్రను బహూకరించినవాడు కూడా ఆయనే. ఆ ఊరి పేరుకు మూలం సోపు మొక్కను సూచించే గ్రీకు పదం. ఒక మొక్క పేరు ఊరి పేరై, యుద్ధం పేరై, పందెం పేరై, చివరికి తెలుగు పత్రికల్లో 'మారథాన్ చర్చలు'గా విస్తరించింది. అర్థవ్యాకోచానికి ఇంతకంటే చక్కని ఉదాహరణను బ్రేయాల్ కూడా కోరుకుని ఉండడు.

1896లో జరిగిన తొలి ఒలింపిక్ మారథాన్ దూరం దాదాపు 40 కిలోమీటర్లు. నేటి 42.195 కిలోమీటర్ల లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో మొదలై 1921లో ప్రామాణికమైంది. ఆ తొలి పందెంలో ఎవరు గెలిచారన్న దానికంటే ఎవరు ఓడారన్నదే ఈ చర్చకు ముఖ్యం. అంతకు ముందు 1500 మీటర్ల పందెంలో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన ఎడ్విన్ ఫ్లాక్, ఆర్థర్ బ్లేక్, అల్బాఁ లెర్ముసియో ముగ్గురూ మారథాన్‌లో పాల్గొన్నారు. ముగ్గురిలో ఒక్కరూ గమ్యం చేరలేదు. లెర్ముసియో అందరికంటే ముందు దూసుకుపోయి చాలా దూరం ఆధిక్యంలో ఉండి, తరువాత తప్పుకున్నాడు. గెలిచిన స్పిరిడోన్ లూయిస్ నీళ్లు మోసి అమ్మిన కుటుంబంవాడు. తెలుగులో 'ఆరంభశూరత్వం' అనే మాట ఒకటుంది. ఆ పందెం దానికి వ్యాఖ్యానంలా కనిపిస్తుంది.

4. ఆదివారపు సుదీర్ఘ పరుగు:

వారానికొకసారి సుదీర్ఘంగా, నిదానంగా పరుగెత్తే పద్ధతికి విశేష ప్రచారం తెచ్చినవాడు న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్. ఆయన చెప్పుల కర్మాగారంలో పనిచేసిన సామాన్యుడు. తన శరీరం మీదనే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి పద్ధతిని స్థిరపరచుకున్నాడు. ఆయన శిష్యులు సన్నాహక దశలో వారానికి సుమారు 160 కిలోమీటర్లు పరుగెత్తేవారు. అందులో ఆదివారం ఆక్లాండ్ పడమటి కొండల మీదుగా సాగే సుమారు 35 కిలోమీటర్ల పరుగు ప్రసిద్ధం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజున పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మరే హాల్‌బర్గ్ 5000 మీటర్లలోను స్వర్ణపతకాలు గెలిచారు. బ్యారీ మెగీ మారథాన్‌లో కాంస్యం సాధించాడు. రెండు నిమిషాల్లోపు ముగిసే పందెం కోసం రెండు గంటలకు పైగా నిదానంగా పరుగెత్తడం ఆనాటి శిక్షకులకు వింతగా తోచింది.

లిడియార్డ్ కృషిలో రెండో పార్శ్వం వారాంతపు పరుగరులకు మరింత దగ్గరిది. గుండెజబ్బు నుంచి కోలుకుంటున్నవారినీ, నడివయసు ఉద్యోగులనూ కూడగట్టి 1960ల ఆరంభంలో ఆక్లాండ్‌లో నెమ్మది పరుగు బృందాన్ని నడిపాడు. దానిని కళ్లారా చూసి వెళ్లిన అమెరికన్ శిక్షకుడు బిల్ బోవర్‌మన్ 1967లో వెలువరించిన పుస్తకంతో 'జాగింగ్' అనే మాట ప్రపంచమంతటా వ్యాపించింది. తెలుగులోకి ఆ మాట యథాతథంగా వచ్చింది. నెమ్మదిగా పరుగెత్తడానికి తెలుగులో విడి మాట లేకపోవడమే అందుకు కారణం కావచ్చు.

5. నిదానంలోని శాస్త్రం:

మనిషి కాలేయంలోను, కండరాల్లోను గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉండే శక్తి సుమారు 2000 కిలోకేలరీలు. 60 కిలోల బరువున్న వ్యక్తి ఒక కిలోమీటరు పరుగెత్తడానికి దాదాపు 60 కిలోకేలరీలు ఖర్చవుతాయి. ఆ లెక్కన మారథాన్‌కు 2500 దాకా కావాలి. వేగం పెరిగినకొద్దీ శరీరం గ్లైకోజన్‌పై ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే మొదటి నుంచీ వేగంగా వెళ్లినవారు సుమారు 30 కిలోమీటర్ల దగ్గర గోడకు గుద్దుకున్నట్లు ఆగిపోతారు. నిదానంగా కదిలే శరీరం కొవ్వును ఎక్కువ పాళ్లలో వాడుకుంటుంది. సన్నగా ఉన్నవారిలో కూడా కొవ్వు నిల్వ గ్లైకోజన్‌కు ఎన్నో రెట్లు. నెలల తరబడి సాగే నిదానపు పరుగు వల్ల కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు పెరుగుతాయి, మైటోకాండ్రియాలు వృద్ధి చెందుతాయి.

మరో అంశం గాయాలకు సంబంధించింది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకలకు, కండరాలను ఎముకలతో కలిపే స్నాయువులకు నెలలు పడుతుంది. రెండో నెలలో పరుగరికి ఆయాసం తగ్గుతుంది, ఉత్సాహం పెరుగుతుంది, కాళ్లు మాత్రం ఇంకా సిద్ధం కావు. ఊపిరి చెప్పిన మాట విని కాళ్లను తొందరపెట్టడమే అక్కడ జరిగే పొరపాటు.

వేగాన్ని నిర్ణయించుకోవడానికి గడియారం కూడా అక్కరలేదు. పక్కన పరుగెత్తేవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే అది సరైన నిదానం. రెండు మాటలకే రొప్పు వస్తే ఆ రోజుకు అది ఎక్కువ వేగం.

6. వారాంతం, వారం:

వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం ఒక్కసారిగా 20 కిలోమీటర్లు పరుగెత్తడం సాధన కాదు. సుదీర్ఘ పరుగు వారం మొత్తపు దూరంలో మూడో వంతుకు అటూ ఇటూగా ఉండాలని శిక్షకులు సాధారణంగా సూచిస్తారు. అంటే వారం మధ్యలో కనీసం రెండు మూడు పొట్టి పరుగులు ఉంటేనే ఆదివారపు పరుగుకు ఆధారం దొరుకుతుంది. వారానికి పది శాతం మించి దూరం పెంచకూడదనే సూత్రం ప్రచారంలో ఉంది. ఇది అనుభవం నుంచి వచ్చిన హెచ్చరికే గాని శాస్త్రం తేల్చిన హద్దు కాదు. 'అంచె' అంటే పూర్వం కబురు చేతులు మారే మజిలీ. 'అంచెలంచెలుగా' అనే క్రియావిశేషణం ఈ పెంపుకు చక్కగా సరిపోతుంది. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించడం, పందేనికి ముందు రెండు మూడు వారాలు దూరాన్ని కుదించడం అందులో భాగాలే.

తెలుగు నేలపై వాతావరణాన్ని విస్మరించరాదు. హైదరాబాదు మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. దానికి సిద్ధమయ్యేవారి సాధన మే, జూన్ నెలల ఎండల మీదుగా సాగాలి. వేడికి శరీరం అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వేగం తగ్గడం సహజం. దాహానికి మించి నీళ్లు తాగడమూ ప్రమాదమే. అతిగా తాగిన నీరు రక్తంలోని సోడియం గాఢతను తగ్గించి ప్రాణం మీదికి తేగలదు.

7. పరిభాష అవసరం ఎవరికి?

నగరాల్లో వారాంతపు పరుగరులకు 'ఈజీ రన్', 'లాంగ్ రన్', 'పేస్', 'టేపర్' అనే ఆంగ్ల పదాలు అర్థమవుతాయి. వాటికి తెలుగు మాటలు లేకపోవడం వారికి పెద్ద లోటు కాదు. లోటు వేరేచోట ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోను పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో పురుష అభ్యర్థులు 1600 మీటర్ల పరుగును నిర్ణీత సమయంలో పూర్తి చేయాలి. ఇందుకోసం గ్రామాల్లో యువకులు పాఠశాల మైదానాల్లో, పొలాల మధ్య తారు రోడ్ల మీద తెల్లవారకముందే సాధన చేస్తారు. వారిలో శిక్షకుడు ఉన్నవారు తక్కువ. ప్రకటన వెలువడిన రోజు నుంచి ప్రతిరోజూ పూర్తి వేగంతో అదే 1600 మీటర్లు పరుగెత్తడమే వారిలో చాలామందికి తెలిసిన సాధన. ముంగాలి ఎముక నొప్పి మొదలయ్యాక కూడా, ఆపితే ఉద్యోగం పోతుందన్న భయంతో కొనసాగిస్తారు. పరుగంటే ఉరకడమే అయినచోట మరో మార్గం తోచదు.

స్నెల్ ఉదాహరణ వీరికే ఎక్కువ అవసరం. 'మాటలాడే పరుగు', 'ఆదివారపు దూరం', 'కుదింపు వారం' వంటి సులభమైన తెలుగు మాటలు వ్యాయామ ఉపాధ్యాయుల నోట, పోటీ పరీక్షల మార్గదర్శక పుస్తకాల్లో చోటు చేసుకుంటే, ప్రకటన రాకముందే ఆరేడు నెలలు నిదానంగా దూరం పెంచుకునే అవకాశం ఆ యువకులకు కలుగుతుంది. దేహదారుఢ్య విభాగపు పుస్తకాల్లో ప్రస్తుతం పరుగు గురించి తరచుగా కనిపించేది అర్హతకు కావలసిన నిమిషాలు, సెకన్ల పట్టిక మాత్రమే.