పసినాటి రొంప – పెరిగాక ఉబ్బసం

“చంటితనంలో రొమ్ముకు జలుబు దిగి ఆస్పత్రి పాలైన బిడ్డ పూర్తిగా కోలుకున్నాడు కదా! మరి ఇప్పుడు ఇల్లు దులిపినా, ముసురు పట్టినా ఆయాసపడుతున్నాడేమి?” అని తల్లులు నన్ను తరచుగా ప్రశ్నిస్తుంటారు.

గురుకులంలో మేము అధ్యయనం చేసిన చరక సంహిత చికిత్సాస్థానం 17వ అధ్యాయంలో శ్వాసరోగాలు ఐదు విధాలుగా చెప్పబడినవి. వానిలో తమక శ్వాస మన ఉబ్బసానికి సమీపమైనది. ముందు పీనసము పుట్టి, పిదప వాయుమార్గం అడ్డగింపబడి, గొంతులో ఘుర్ఘుర ధ్వని కలుగుతుందనీ, మబ్బు, చలి, తూర్పుగాలి దానిని పెంచుతాయనీ అక్కడి వర్ణన. కొత్తగా పుట్టినప్పుడు సాధ్యమనీ, ముదిరితే అదుపులో ఉంచుకోవలసినదనీ శాస్త్రనిర్ణయం.

నేటి విజ్ఞానం దీనిని మరింత విశదపరచింది. శ్వాసనాళాల లోపలి పొర ఇంటికి తడిక వంటిది. దానిపైనున్న సన్నని కేశాలు కఫాన్ని, ధూళిని పైకి నెట్టివేస్తాయి. 1956లో తొలుత చింపాంజీలలో కనుగొన్న ఆర్.ఎస్.వి. అనే వైరస్, సాధారణ జలుబు కలిగించే రైనోవైరస్ ఈ తడికను దెబ్బతీస్తాయి. ఆ సందుల గుండా దుమ్ములోని సూక్ష్మకీటకాల మలం, పుప్పొడి లోనికి చొరబడతాయి. గాయపడిన కణాలు విడుదలచేసే హెచ్చరిక పదార్థాలు రోగనిరోధక శక్తిని ఎలర్జీ దారి పట్టించగలవు. ఫలితంగా ఇయోసినోఫిల్ కణాలు చేరి, నాళాలు వాచి, కఫం పెరుగుతుంది.

అయితే ప్రతి బిడ్డకూ ఇట్లే జరుగదు. అమెరికాలోని టూసాన్ నగరంలో 1980లో ఆరంభమైన అధ్యయనం ప్రకారం, ఆర్.ఎస్.వి. సోకిన పిల్లలలో పిల్లికూతల బెడద వయసుతో తగ్గుతూ, 13 ఏళ్లకు ఇతరులతో దాదాపు సమానమైనది. మాడిసన్ నగరంలో, ఉబ్బసం లేదా ఎలర్జీ గల కుటుంబాలకు చెందిన 259 మంది పిల్లలను పరిశీలించి 2008లో వెల్లడించిన ఫలితాలు వేరు: మూడేళ్లలోపు రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చినవారికి ఆరేళ్ల వయసున ఉబ్బసం ఎంతో అధికంగా కనిపించినది. ఆ బృందమే 2012లో, చాలామందిలో ఎలర్జీ ముందే ఏర్పడి తరువాత వైరస్ కూతలకు దారితీస్తున్నదని తేల్చినది. అనగా గాయమూ, ఎలర్జీ పరస్పరం పోషించుకుంటాయి.

కనుక ఒకసారి రొమ్ము జలుబు పడిన బిడ్డ ఉన్న ఇంట పొగాకు, అగరుధూపం, దోమలచుట్టలు మానండి. దిండుగలీబులు, దుప్పట్లు వారానికొకసారి వేడినీట ఉతకండి. తల్లిపాలు మాన్పించకండి. ఏడాది దాటిన బిడ్డకు దగ్గు ఉంటే అరచెంచా తేనె నాకించవచ్చు. ఏడాదిలోపు తేనె ఎంతమాత్రం పనికిరాదు. చంటిబిడ్డ ముక్కులో నూనె పోయకండి. మరిగే నీటి ఆవిరి వద్ద కూర్చోబెట్టకండి, ఒళ్లు కాలే ప్రమాదముంది.

బిడ్డ నిశ్చలంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం శ్వాస లెక్కించండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40 లేదా అంతకు మించినా, డొక్కలెగరేసినా, పెదవులు నీలివర్ణమైనా, పాలు తాగలేకున్నా వెంటనే ఆస్పత్రికి చేర్చండి. అప్పుడు కషాయాలకు సమయం కాదు. ఉబ్బసానికి వైద్యుడు ఇన్‌హేలర్ వ్రాసి ఉంటే, మా మందు మొదలుపెట్టామని దానిని ఆపవద్దు. రోగం కొత్తదిగా ఉన్నప్పుడే శ్రద్ధ వహించమన్న శాస్త్రవాక్యానికి నిజమైన విధేయత అదే.